బీడీ గంట

పెళ్లి భోజనానికి కూర్చునే ముందు చెయ్యి కడుక్కొస్తానని లేచిన మనిషి ఎంతసేపటికీ తిరిగి రాకపోతే ఎవరైనా ఏమనుకుంటారు? షుగరు మనిషి, ఎక్కడో కళ్లు తిరిగి పడిపోయిందనుకుంటారు. పోయిన నెల మిర్యాలగూడలో మావాళ్లు అదే అనుకొని నాకోసం ఫంక్షన్‌హాలంతా వెతికారట. పెళ్లికొడుకు మా పెద్దమ్మ మనుమడు, కాబట్టి నేను పడిపోతే పట్టించుకోవలసినవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. నేనేమో హాయిగా వెనకాల వంటశాల గుమ్మం దగ్గర నిలబడి, ఒక ఇనుపముక్కను చేత్తో నిమురుతున్నాను. మూరెడు పొడవు రైలు పట్టా ముక్క అది. దూలానికి గొలుసుతో వేలాడుతోంది. దానికి వెండిరంగు పూసి, కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి కట్టారు. మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట ఉంది. ఆ గుంట ఎలా పడిందో ఆ హాలు మొత్తంలో తెలిసినవాళ్లం ఇద్దరమే.

"ఇదేందమ్మా ఇక్కడ?" అని వడ్డన చేసే పిల్లనొకదాన్ని అడిగాను. ముప్పై ఏళ్లు దాటని పిల్ల, పేరు స్వప్న, చివ్వెంల దగ్గరి ఊరట. "దిష్టికి గట్టిండ్రంట ఆంటీ. మేం పనిల జేరకముందు నుంచే ఉన్నది" అని బకెట్టు ఎత్తుకొని పోయింది. దిష్టికట! నవ్వొచ్చింది నాకు. ఈ ఫంక్షన్‌హాలు ఉన్నచోట ఒకప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. మేం కూర్చొని పప్పన్నం తినే చోట సిమెంటు గచ్చు ఉండేది, దాని మీద వడ్లు ఆరబోసేవాళ్లు. నా ఉద్యోగంలో మొదటి ఏడాది, నా బుద్ధికి పడిన మొదటి మొట్టికాయ, నా మొత్తం సర్వీసులో నేను చేశానని చెప్పుకోగలిగిన ఒకే ఒక్క మంచిపని, మూడూ ఆ ఇనుపముక్క కిందనే జరిగాయి.

తుంగతుర్తి వైపు ఊరు మాది, ఇంట్లో నన్ను సైదా అని పిలిచేవాళ్లు. ఏఎన్‌ఎం ట్రైనింగు అయిపోయి, కొత్త తెల్లచీర కట్టుకొని, మిర్యాలగూడ మిల్లుల వెనకాల బస్తీలో ఆరోగ్య కార్యకర్తగా చేరాను. ఉండడానికి మా పెద్దమ్మ లింగమ్మ ఇల్లుంది. ఇల్లంటే ఒక్క అర్ర, ముందు రేకుల పందిరి. పెదనాయన అప్పటికే లేడు, కొడుకు హాస్టల్లో చదువుతున్నాడు. పెద్దమ్మ మిల్లు గచ్చు మీద ఆడవాళ్లకు మేస్త్రి. తెల్లవారకముందే మిల్లులో వడ్లు ఉడికే వాసన వచ్చేది. పుల్లగా, వెచ్చగా, ఎవరో పెద్ద కుండలో గంజి మరిచిపోయినట్టు ఉండేది ఆ వాసన. మొదటి వారం ముక్కు మూసుకున్నాను, రెండో వారానికి ఆకలి వేయడం మొదలైంది. పెద్దమ్మ ఊకపొయ్యి కూరేది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా దట్టించి, సీసా మెల్లగా లాగేస్తే మధ్యలో బెజ్జం మిగులుతుంది. దానికింద నిప్పు పెడితే అన్నం, కూర, స్నానానికి నీళ్లు అన్నీ అయిపోయేవి. అన్నిటికన్నా ముందు పెద్దమ్మ బీడీ అంటించుకునేది. పొయ్యి దగ్గర గొంతుక్కూర్చొని, కొంగు మోకాళ్ల మధ్య దోపుకొని, ఒక కన్ను మూసి ఆమె పీల్చే మొదటి దమ్ములో ఎంత సుఖముండేదో, ఎదురుగా ఆరోగ్య కార్యకర్త కూర్చొని ఉందన్న సంగతి ఆమెకు పట్టేదే కాదు. తర్వాత దగ్గు వచ్చేది. ఆ దగ్గుకే పక్కింటి కోళ్లు లేచేవని బస్తీలో అనుకునేవాళ్లు.

గచ్చు మీద పని ఎలా ఉండేదో చెప్పాలి. ఉడికిన వడ్లు పొగలు కక్కుతూ వచ్చి గచ్చు మీద పడేవి. వాటిని పల్చగా పరిచి, ఆడవాళ్లు వరుసగా నిలబడి, కాళ్లు ఈడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్లు. పాదాల వెంట సాళ్లు పడేవి, కిందివి పైకి, పైవి కిందికి వచ్చి ఆరేవి. మళ్లీ అడ్డంగా, మళ్లీ నిలువుగా, పొద్దంతా అదే నడక. కాళ్ల కింద వేడి గచ్చు, నెత్తిన ఎండ, ముక్కులో దుమ్ము. వడ్లు ఆరాయో లేదో చెప్పేది పెద్దమ్మే. రెండు గింజలు పంటి కింద వేసి కొరికి, "ఇంక పచ్చిగున్నయ్" అనో "ఎత్తుండ్రి" అనో అనేది. ఆమె పంటి మీద సేటుకు ఎంత నమ్మకమంటే, ఒకసారి ఆ పన్ను నొప్పెడితే తానే రిక్షా ఎక్కించి పళ్ల డాక్టరు దగ్గరికి పంపాడు.

ఆ మిల్లులో రోజుకు రెండుసార్లు గంట కొట్టేవాళ్లు, నడిపొద్దుకు ముందొకటి, మాపటికి ముందొకటి. దాన్నే బీడీ గంట అనేవాళ్లు. ఎప్పుడో ఊకకుప్పలో నిప్పురవ్వ పడి సేటు గుండె ఆగినంత పనయిందట. అప్పటినుంచి మిల్లులో ఎక్కడపడితే అక్కడ బీడీ ముట్టించడం బంద్ చేసి, దానికి బదులు గంట పెట్టాడు. గుమస్తా కోటయ్యది కోదాడ. సన్నగా, ఎప్పుడూ చెవిలో పెన్సిలుతో ఉండేవాడు. ఆయన ఇనుపకడ్డీతో ఆ రైలు పట్టా ముక్క మీద, ఎప్పుడూ ఒకేచోట, మూడుసార్లు కొడితే హమాలీలంతా బస్తాలు దించి నీళ్లతొట్టి దగ్గరికి పోయి కూర్చునేవాళ్లు. ఒక్క బీడీ కాలేంత సేపు. తాగనివాళ్ల సంగతేమిటన్న ప్రశ్న సేటుకు రాలేదు, ఎందుకంటే హమాలీల్లో తాగనివాడు లేడు. గచ్చు మీది ఆడవాళ్లు మొదట్లో ఊరికే పోయి కూర్చుంటే కోటయ్య పెన్సిలు ఆడిస్తూ, "బీడీ లేనివాళ్లకి తొట్టి దగ్గర పనేంటమ్మా? లేవండి, వడ్లు మీకోసం ఎదురుచూస్తున్నాయి" అన్నాడట. న్యాయం మాట్లాడినట్టే ఉంది కదా! మర్నాటి నుంచి ఆడవాళ్లు బీడీలు పట్టుకొని పోయారు. ఇక కోటయ్య వాళ్లను లేపలేదు.

ఇది అక్కడ ఎంత మామూలైపోయిందంటే, కొత్త పిల్ల పనిలో చేరిన రోజు గంట కొట్టగానే పెద్దమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని, "ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగి, నడుముకు దోపుకున్న రేకుడబ్బా తీసి ఒక బీడీ చేతిలో పెట్టేది. పెళ్లిలో బొట్టు పెట్టినట్టు. పిల్ల దగ్గేది, కళ్లలో నీళ్లు కారేవి, అందరూ నవ్వేవాళ్లు. నాలుగు రోజులకు దగ్గు ఆగిపోయేది. నెల తిరిగేసరికి ఆ పిల్లే పక్కపిల్లకు నిప్పు ఇచ్చేది. నేను చూస్తూనే ఉన్నాను గానీ, నాకు కనిపించింది బీడీ ఒక్కటే. మిగతాది కనిపించడానికి చాలా తిట్లు తినవలసి వచ్చింది.

నా దగ్గర ఒక పటం ఉండేది, గుడ్డకు అతికించి కర్రకు చుట్టినది. ఒకవైపు ఎర్రటి ఊపిరితిత్తి, ఇంకోవైపు పొగచూరి నల్లబడింది. ట్రైనింగులో ఆ పటం చూసి మా క్లాసు పిల్లొకతి ఏడ్చింది. సరే, ఇక్కడా ఏడుస్తారనుకొని ఒకరోజు బీడీ గంట కొట్టగానే తొట్టి దగ్గర పటం విప్పి గొంతు సవరించుకున్నాను. ఆడవాళ్లు బీడీలు తాగుతూ శ్రద్ధగా చూశారు. "ఏ కొట్టుల దీసిన ఫొటో పిల్లా ఇది?" అని ఒకామె అడిగింది. "మేకదా, గొర్రెదా?" అని ఇంకొకామె. "నల్లదాన్ల మసాలా బాగ దట్టించిండ్రు" అని మూడో ఆమె. నేను కోపంతో పటం చుట్టేస్తుంటే పెద్దమ్మ నవ్వలేక దగ్గుతోంది, దగ్గలేక నవ్వుతోంది. ఆ దగ్గు ఆగలేదు. తొట్టి అంచు పట్టుకొని వంగిపోయింది. మొహం నీలంగా మారింది. నవ్వులు ఆగిపోయాయి. ఆ రోజు నాకు భయమేసింది. అమ్మ తర్వాత నాకున్నది ఆమే.

సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. బస్సులో నేను తెమడ పరీక్షల గురించి చెబుతుంటే ఆమె కిటికీలోంచి ఎవరి పొలం ఎంత పచ్చగా ఉందో చెప్పింది. ఎక్స్‌రే తీశారు. టీబీ కాదన్నారు. అంతవరకు మంచిదే. "కానీ ఛాతీ అరిగిపోయింది" అన్నాడు డాక్టరు. "దుమ్మొకవైపు, పొగొకవైపు. దుమ్ముకు గుడ్డ కట్టుకో. పొగ మాత్రం మానాల్సిందే. ఇట్లే తాగితే, ఇంకొన్నేండ్లకు మంచంల నుంచి లేచి గడప దాటుడే కష్టమైతది. ఆ తర్వాత నా చేతుల గూడ ఏముండది." పెద్దమ్మ బుద్ధిగా తలూపింది. బయటికి రాగానే, "ఆయన జేబుల సిగరెట్ డబ్బ సూసినవా?" అని అడిగింది. చూశాను. చూడలేదని చెప్పాను.

ఇక చూడండి నా తెలివి. పెద్దమ్మకు చెబితే వినదు, గచ్చు మీదివాళ్లు నా పటాన్ని మటన్ కొట్టుకు పంపించారు, కాబట్టి మిల్లులోనే బీడీ లేకుండా చేస్తే సరిపోతుందనుకున్నాను. ఎంత గొప్ప ఆలోచనో అని నాకు నేనే మురిసిపోయాను. సీదా సేటు దగ్గరికి పోయాను. ఆయన గద్దె మీద కూర్చొని అరచేతిలో బియ్యం పోసుకొని చూసుకుంటున్నాడు. మంచివాడే, పండుగకు బస్తీ పిల్లలకు బట్టలు పెట్టేవాడు. నేను ఊపిరితిత్తుల గురించి చెప్పినంతసేపు ఆవలించాడు. ఊకకుప్ప పక్కన నిప్పు అనగానే నిటారుగా కూర్చున్నాడు. "సర్కారోళ్లు గూడ గిట్లనే అంటున్నరా?" అన్నాడు. అంటున్నారన్నాను. అంత అవలీలగా అబద్ధమాడాను. మర్నాడు పొద్దున్నే గేటు మీద ఎర్రక్షరాలతో బోర్డు లేచింది, మిల్లు ఆవరణలో బీడీ తాగినవారికి పని లేదని. నేను ఆ బోర్డు కిందినుంచి ఊరేగింపులో పోయినట్టు పోయాను.

నడిపొద్దు ముందు గంట మోగలేదు. కోటయ్య కడ్డీ తీసి గదిలో పెట్టి తాళం వేశాడు. "బీడీయే లేనప్పుడు బీడీ గంటెందుకమ్మా?" అన్నాడు నాతో, నేను సంతోషిస్తాననుకొని. మళ్లీ న్యాయమే మాట్లాడాడు మహానుభావుడు. గచ్చు మీది ఆడవాళ్లు పొద్దున నిలబడినవాళ్లు అన్నాలవేళ దాకా నడుస్తూనే ఉన్నారు. అన్నాల తర్వాత మాపటిదాకా మళ్లీ నడక. సాయంత్రం బస్తీలో నల్లా దగ్గర నేను బిందె పెడితే ఎవరో పక్కకు జరిపారు. ఒకామె ఎటో చూస్తూ, "మా కాళ్లు ఇరగ్గొట్టడానికి ఎక్కడి నుంచో దొరసాని వచ్చింది" అంది. బీడీలు మానేశారా అంటే అదీ లేదు. తవుడు గది వెనకాల, గోనెసంచుల చాటున, ఒకరు కాపలా ఉంటే ఒకరు నాలుగు దమ్ముల్లో బీడీ మొత్తం లాగేసి వచ్చేవాళ్లు. నిప్పు ఇంతకు ముందు నీళ్లతొట్టి పక్కన ఉండేది, ఇప్పుడు గోనెల మధ్యకు చేరింది. పెద్దమ్మ దగ్గు రెండింతలైంది. అంటే నేను పోయి సేటు ఊకను, పెద్దమ్మ ఊపిరిని రెండింటినీ ఒకే దెబ్బకు ప్రమాదంలో పెట్టి వచ్చానన్నమాట.

తిడితే బాగుండేది. పెద్దమ్మ తిట్టలేదు. రోజూలాగే అన్నం పెట్టింది, పచ్చిపులుసు పోసింది. తిన్నాక గోడకు చేరగిలి కాళ్లు చాపింది. మడమలు వాచి, పగుళ్లలో వడ్లపొట్టు ఇరుక్కొని ఉంది. నేను నూనె తెచ్చి రాస్తూ ఏడ్చాను. "నీ కోసమే చేసిన పెద్దమ్మా" అన్నాను.

"నా కోసమే చేసినవ్, తెలుసు బిడ్డా" అంది. "మీ పెదనాయిన పోయినంక ఈ మిల్లుకొచ్చిన. పది దినాలకు కాళ్లు గిట్లనే వాచినయ్. కూసుందామంటే కోటయ్య లేపుతడు. ఒక హమాలీ తమ్ముని అడిగి బీడీ తీసుకొని పోయి కూసున్న. ఎవ్వడేమనలే. ఇగ అప్పటినుంచి తాగుతున్న. నాకు బీడీ అలవాటు గాలే సైదా. కూసునుడు అలవాటైంది."

కొత్త పిల్లల చేతిలో ఆమె పెట్టే బీడీ ఏమిటో అప్పుడు తెలిసింది. తన దగ్గరున్న ఒకే ఒక్క సుఖాన్ని ఆమె పంచిపెడుతూ వచ్చింది. నేను దాన్ని లాక్కొని, బదులుగా బొమ్మ చూపించాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. మర్నాడు పటాన్ని అటక మీద పడేశాను. గంట ఎలా తిరిగి తేవాలా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను గానీ, బీడీ లేకుండా కూర్చోనివ్వమని సేటును ఏ ముఖంతో అడగాలో తెలియలేదు.

దారి నాకు దొరకలేదు, వడ్లకు దొరికింది. ఆ వారం చివర మిల్లులో గొడవ మొదలైంది. బియ్యంలో నూక ఎక్కువ వస్తోంది. మర నడిపే ఆయన మర మంచిదే అంటాడు, ఉడకబెట్టే ఆయన ఉడుకు మంచిదే అంటాడు. సేటు అరచేతిలో బియ్యం పోసుకొని ఒక్కొక్క విరిగిన గింజను వేలితో పక్కకు నెడుతూ గచ్చు మీదికి వచ్చాడు. నేను అప్పుడు పిల్లల టీకాల కార్డులు రాసుకుంటూ గేటు దగ్గరే ఉన్నాను. సేటు నేరుగా పెద్దమ్మ దగ్గరికి పోయి, "ఏందిది లింగమ్మా? నీ పన్ను గిట్ల మోసం జేస్తున్నదా?" అన్నాడు.

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పన్ను బాగనే ఉన్నది సేటు. మాకు బీడీ బంద్ జేసినవ్, సరే. మమ్ముల పొద్దంత నిలవెట్టినవ్, మా రాత అనుకున్నం. గని వడ్లను గూడ నిలవెట్టినవ్. వడ్లు గూడ జరసేపు కూసోవాలె."

"వడ్లు కూసునుడేందే?"

"బీడీ గంట గొట్టంగనే మేం వడ్లను కుప్పజేసి గోనె కప్పి పోయేటోళ్లం. మేం కూసున్నంతసేపు అవి గూడ కూసునేటియి. లోపలి తడి మెల్లగ పైకొచ్చేది. ఇప్పుడు ఉత్తగుండొద్దని కోటయ్య ఒక్క తీరుగ తిప్పిస్తుండు. పైన జల్ది ఎండుతది, లోపల పగుల్తది. మరల పడంగనే నూకైతది. ఇందుల మా చేతుల ఏమున్నది?"

సేటు రెండు గింజలు తీసుకొని కొరికాడు. కళ్లు మూసుకొని నమిలాడు. "మరి ముందుగాల ఎందుకు చెప్పకపోతివి?" అన్నాడు చివరికి.

"నువ్వు అడిగినవా సేటు?"

అప్పుడు నేను కార్డులన్నీ అక్కడే పడేసి పరిగెత్తాను. గంట మళ్లీ కొట్టించమని, బీడీ మాత్రం వద్దని, కూర్చొని నీళ్లు తాగుతారని, తాగాలనుకున్నవాళ్లు గేటు బయటికి పోయి తాగి రావచ్చని, గబగబా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. సర్కారు మాట అబద్ధమని కూడా చెప్పేశాను. సేటు నన్ను వింతగా చూశాడు. "అంటే బీడీ గూడ లేకుంట, ఉత్తగ కూసుంటరా వీళ్లు?" అన్నాడు. ఆయన బాధ నిజమైనదే, పాపం. ఉత్తగా కూర్చున్నందుకు కూలి ఇవ్వడమన్నది ఆయన తాతల కాలం నుంచి వినలేదు.

"వడ్లు ఉత్తగనే కూసుంటయ్ గద సేటు" అంది పెద్దమ్మ. "వాటినేమన్నంటున్నవా?"

మొదట నవ్వింది సేటే. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. కోటయ్య పోయి కడ్డీ తెచ్చాడు. ఆ మాపు మూడు దెబ్బలు మోగితే బస్తీలో ఇళ్లలో ఉన్న ముసలివాళ్లు కూడా బయటికొచ్చి చూశారు. కోటయ్య దానికి నీళ్ల గంట అని పేరు మార్చాడు గానీ ఎవరూ అలా పిలవలేదు, చివరిదాకా అది బీడీ గంటే. గేటు గచ్చుకు చాలా దూరం. అంత దూరం పోయి, తాగి వచ్చేసరికి కూర్చునే సమయం అయిపోయేది. రెండు రోజులు పోయి వచ్చినవాళ్లు మూడో రోజు బద్ధకించారు. కాళ్లకు కూర్చోవడమే తీపి. నేను ఏ పటమూ విప్పలేదు, ఒక కుండెడు నీళ్లు, రెండు గ్లాసులు పెట్టించానంతే.

పెద్దమ్మ ఒక్కరోజులో మానిందని చెబితే ఆమే నన్ను కొడుతుంది. పొద్దుటి బీడీ చాలా ఏడిపించింది. వేళ్లు ఊరికే నడుము దగ్గరికి పోయేవి. రెండుసార్లు దొంగతనంగా తాగి దొరికిపోయింది. నేను అరిస్తే, "దొంగకు గూడ ఇంత లొల్లి చెయ్యరు" అని మొహం తిప్పుకుంది. చివరికి ఆ రేకుడబ్బాలో పుట్నాలు పోసిచ్చాను. వేలు పోయినప్పుడల్లా నాలుగు నోట్లో వేసుకునేది. మొదట్లో పుట్నాల్లో బీడీ వాసనేసేది, తినలేక ఉమ్మేది, తర్వాత ఆ వాసనా పోయింది. అందరూ మానలేదు. మానని ఇద్దరు ముగ్గురిని నేనే తర్వాత దవాఖానకు తీసుకుపోయాను. కానీ ఆ ఏడాది తర్వాత ఆ గచ్చు మీదికి పనికి వచ్చిన ఏ పిల్ల చేతిలోనూ ఎవరూ బీడీ పెట్టలేదు. "ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగి పెద్దమ్మ పుట్నాలు పోసేది. తర్వాత నేను ఎన్నో ఊళ్లు తిరిగాను. నడిగూడెంలో చేశాను, కోదాడలో చేశాను, ఎన్నో రిపోర్టులు నింపాను. తాగడం మానినవాళ్ల లెక్క అడిగారు గానీ, అసలు మొదలే పెట్టనివాళ్లను రాయడానికి ఏ ఫారంలోనూ జాగా లేదు.

ఇదంతా తలుచుకుంటూ ఇనుపముక్క దగ్గర నిలబడ్డానన్నమాట. ఇప్పుడు కాలం మారింది. బీడీ కట్ట మీదనే నా పటం కన్నా భయంకరమైన బొమ్మ వేస్తున్నారు. ఆ ఫంక్షన్‌హాలు గోడ మీద పొగ తాగరాదన్న బోర్డు అద్దంలో పెట్టి ఉంది. బస్తీ దవాఖానలో బీపీ చూసి మందులు ఊరికే ఇస్తున్నారు. మంచిదే, ఇవన్నీ కావాలని మేమంతా గొంతు చించుకున్నవాళ్లమే. అయితే స్వప్న మళ్లీ బకెట్టుతో వచ్చినప్పుడు చూశాను, బుగ్గలో ఏదో ఒదిగి ఉంది. పొగాకు పొట్లం. అరవై దాటిన మనిషిని, అడిగే హక్కుందనుకొని అడిగేశాను, ఎందుకే అది అని.

"పొద్దున ఆరుకు వచ్చినం ఆంటీ, ఇప్పటిదాక కూసోలే. ఇది పెట్టుకుంటే కాళ్లు నొయ్యంగ తెల్వది" అంది. బయట షెడ్డు వైపు చూపించింది. లైటింగు కుర్రాళ్లు, వంటమేస్త్రి కుర్చీలు వేసుకొని సిగరెట్లు తాగుతున్నారు. "ఆళ్లకు సిగరెట్ ఉన్నది. కూసుంటే మేనేజరు ఏమనడు. మేం కూసుంటే, ఏం పని లేదా అంటడు." లోపల హాలులో తెల్లగుడ్డ తొడిగి, వెనక రిబ్బను కట్టిన కుర్చీలు వందల్లో ఉన్నాయి. సగానికి పైగా ఖాళీ.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల తర్వాత, అదే చోట, అదే మాట! కోటయ్య పోయి చాలా కాలమైంది, ఆయన న్యాయం మాత్రం కోటు తొడుక్కొని ఇంకా తిరుగుతోంది. చుట్టూ చూశాను. గోడకు గరిటెలతో పాటు ఒక ఇనుపకడ్డీ ఆనించి ఉంది. తీసుకున్నాను. నిమ్మకాయ, మిరపకాయలు పక్కకు జరిపి, ఆ గుంటలోనే, మూడు దెబ్బలు కొట్టాను. బాజాలవాళ్లు తిండికి పోయిన సమయం, ఆ మోత హాలు దాటి వీధిలోకి పోయింది. వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకొని అలాగే నిలబడ్డారు. సూటు వేసుకున్న మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. నాకోసం వెతుకుతున్న మావాళ్లు ఒక్కసారిగా గుమ్మం దగ్గరికి వచ్చి పడ్డారు.

భోజనాల మొదటి వరసలో, ఎనభై దాటిన మా పెద్దమ్మ, మంచంలో నుంచి లేవడమే కష్టమని డాక్టరు ఒకప్పుడు భయపెట్టిన మా లింగమ్మ పెద్దమ్మ, విస్తరి ముందు నుంచి తల ఎత్తింది. చెవి ఈ మధ్య సరిగా వినపడదు, పెళ్లి మంత్రాలు ఒక్కటీ వినలేదు ఆమె. ఇది మాత్రం వింది. నన్ను చూసింది, చేతిలో కడ్డీ చూసింది, ముఖమంతా నవ్వయింది.

"గంటయింది" అంది, గచ్చు ఆ చివరిదాకా వినిపించే పాత గొంతుతో. "ఏంది సూస్తున్నరు? దించుండ్రి బకెట్లు. కూసోండ్రి."

మేనేజరు ఏదో అనబోయాడు. "నువ్వు గూడ కూసో బిడ్డా, పొద్దటి నుంచి ఉరుకుతున్నవ్" అంది పెద్దమ్మ. పెళ్లికొడుకు నాయనమ్మ మాట, ఏమంటాడు? ఒక్కొక్కరే బకెట్లు దించారు. ఒక్కొక్కరే రిబ్బను కట్టిన కుర్చీలు లాక్కున్నారు. స్వప్న ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే పెద్దమ్మ తన పక్క కుర్చీ మీద అరచేత్తో తట్టింది. ఆ పిల్ల మొహమాటంగా అంచున కూర్చుంది. పెద్దమ్మ నడుము దగ్గర తడుముకొని, అంచులు తుప్పు పట్టిన రేకుడబ్బా తీసి మూత విప్పింది.

"ఆ నోట్లది ఉమ్మేసి రా పో" అంది. స్వప్న పోయి నోరు పుక్కిలించి వచ్చి మళ్లీ కూర్చుంది, ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకొని. పెద్దమ్మ ఆమె అరచేయి పట్టుకొని గుప్పెడు పుట్నాలు పోసింది.

"ఇగ చెప్పు" అంది. "ఏ ఊరు బిడ్డా నీది?"